క్లోమంలో గడ్డ: మామూలు క్యాన్సర్‌లా కనిపించే అరుదైన కణితులపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో పాథాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్ నుంచి, ఎండోస్కోపీ గది నుంచి వచ్చే ముక్కలను మైక్రోస్కోపు కింద చూసి, అది ఏ జబ్బో రాసి ఇవ్వడం నా వృత్తి. రోగులకు మేం సాధారణంగా కనిపించం. అయినా రిపోర్టు చేత్తో పట్టుకుని ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చే కుటుంబ సభ్యుల ప్రశ్నలు మాకు చేరుతూనే ఉంటాయి. క్లోమం విషయంలో ఆ ప్రశ్నలూ ఎక్కువే, జవాబు తెలియక జరిగే నష్టమూ ఎక్కువే. ఇక్కడ రాసినది మీ డాక్టరుతో మాట్లాడటానికి పనికొచ్చే సమాచారం మాత్రమే. ఆయన సలహాకు ఇది బదులు కాదు.

స్కానింగ్‌లో క్లోమంలో గడ్డ ఉందన్నారు. అది క్యాన్సరేనా?

స్కానింగ్ ఒక్కటే చూసి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. క్లోమంలో వచ్చే క్యాన్సర్లలో సుమారు 90 శాతం ఒకే రకం. జీర్ణరసాన్ని పేగులోకి తీసుకెళ్లే నాళాల గోడల్లో పుట్టే ఈ రకాన్ని డక్టల్ అడినోకార్సినోమా అంటారు. అది చాలా మొండిది. అమెరికా లెక్కల్లో క్లోమ క్యాన్సర్ బయటపడ్డాక ఐదేళ్లు బతికేవారు సుమారు 13 శాతమే. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనిపించేవి ఈ అంకెలే. గడ్డ అన్న మాట వినగానే ఇంటిల్లిపాదీ కుంగిపోవడానికీ కారణం ఇవే.

కానీ మిగిలిన వాటిలో చాలా భిన్నమైన జబ్బులున్నాయి. కొన్ని ఆపరేషన్‌తో పూర్తిగా నయమవుతాయి. కొన్ని ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. కొన్ని అసలు క్యాన్సర్లే కావు, మందులతో కరిగిపోతాయి. మీ ఇంట్లో మనిషికి వచ్చింది ఏ కణం నుంచి పుట్టిన గడ్డో తేలేదాకా ఆ 13 శాతం అంకెను మీకు అన్వయించుకోవద్దు. తేలేదాకా కీమో మొదలుపెట్టడానికీ ఒప్పుకోవద్దు. ఈ పేజీ అంతటిలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

ఆ అరుదైన కణితులు ఏవి?

ముఖ్యమైనవి చెబుతాను.

న్యూరోఎండోక్రైన్ కణితులు క్లోమంలో హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుడతాయి. 2011లో మరణించిన స్టీవ్ జాబ్స్‌కు వచ్చింది ఈ రకమే. నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ వచ్చిందని 2018 మార్చిలో స్వయంగా ప్రకటించారు. మన దేశంలో చాలామంది ఆ పేరు విన్నది అప్పుడే. ఇవి క్లోమంలోనే కాక పేగులు, ఊపిరితిత్తుల వంటి చోట్ల కూడా వస్తాయి.

సాలిడ్ సూడోపాపిల్లరీ కణితి ఎక్కువగా ఇరవైలు, ముప్పైల వయసు ఆడవాళ్లలో కనిపిస్తుంది. 1959లో దీన్ని మొదట వర్ణించిన వర్జీనియా ఫ్రాంట్జ్ పేరు మీద పాత డాక్టర్లు దీన్ని ఫ్రాంట్జ్ ట్యూమర్ అంటారు. కొబ్బరికాయంత పెద్దదైనా సరే, పూర్తిగా తీసేయగలిగితే 95 శాతానికి పైగా రోగులు ఐదేళ్ల తరువాత కూడా బాగానే ఉంటారు.

ఎసినార్ సెల్ కార్సినోమా జీర్ణరసం తయారుచేసే కణాల్లో పుడుతుంది. పెద్దల క్లోమ క్యాన్సర్లలో ఇది ఒకటి రెండు శాతం. పిల్లల్లో వచ్చే ప్యాంక్రియాటోబ్లాస్టోమా ఇంకా అరుదు. ఇవి కాక లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) క్లోమంలో గడ్డలా రావచ్చు. ఎప్పుడో తీసేసిన కిడ్నీ క్యాన్సర్ పదేళ్లు దాటాక కూడా క్లోమంలో తేలవచ్చు. అందుకే పాత ఆపరేషన్ల గురించి, అవి ఎంత పాతవైనా, డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇన్ని పరీక్షలున్న ఈ రోజుల్లో కూడా ఒకదాన్ని చూసి ఇంకొకటని ఎందుకు పొరబడతారు?

క్లోమం కడుపులో వెనకగా, వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. చేత్తో తడిమితే అందదు, మామూలు అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గాలి అడ్డొస్తుంది. ఏ రకం గడ్డ అయినా క్లోమం తల భాగంలో వస్తే పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు తెప్పిస్తుంది, తోక భాగంలో వస్తే చాలాకాలం ఏ లక్షణమూ చూపించదు. కాబట్టి లక్షణాలతో రకం తెలియదు.

సూదితో తీసే ముక్క చాలా చిన్నది. అందులో పది పదిహేను కణాల గుంపులు మాత్రమే దొరికితే న్యూరోఎండోక్రైన్, సూడోపాపిల్లరీ, ఎసినార్ మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. గుండ్రటి చిన్న కణాలు, ఒకే పరిమాణం, ఒకే రంగు. అంతకంటే పెద్ద కారణం అలవాటు. ఎక్కువమందికి వచ్చేది డక్టల్ రకం కాబట్టి చూసే కన్ను ముందుగా దానినే ఊహిస్తుంది.

కామెర్లు వచ్చాయి. ముందు పసరు మందు వాడి చూడవచ్చా?

వద్దు. ఇది మన ఊళ్లలో ఇంకా జరుగుతోంది కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను. నొప్పీ జ్వరమూ లేకుండా కామెర్లు వచ్చి, ఒంటి దురద, మట్టిరంగు విరేచనం, ముదురు రంగు మూత్రం ఉంటే అది నాళం మూసుకుపోయిన కామెర్లు కావచ్చు. పసరుతో నాళం తెరుచుకోదు. నలభై, యాభై దాటినవారికి ఇలాంటి కామెర్లు వస్తే ఆ వారంలోనే స్కానింగ్ జరగాలి. ఆ వయసులో హఠాత్తుగా షుగర్ వచ్చి, దానితో పాటు బరువు తగ్గుతున్నా ఇదే మాట.

ఒకసారి సీటీ తీశారు. పెద్దాసుపత్రికి వెళ్తే మళ్లీ తీయాలంటున్నారు. డబ్బు కోసమేనా?

చాలాసార్లు నిజంగానే అవసరం. కడుపు నొప్పికి తీసే మామూలు సీటీ వేరు, క్లోమం కోసం ప్రత్యేకంగా తీసే సీటీ వేరు. రెండోదానిలో రక్తనాళంలోకి రంగు మందు ఎక్కించాక, క్లోమానికి రక్తం బాగా అందే సుమారు 40 సెకన్ల దగ్గర ఒకసారి, కాలేయానికి అందే సుమారు 70 సెకన్ల దగ్గర మరోసారి సన్నని పొరలుగా చిత్రాలు తీస్తారు.

ఆ మొదటి దశలోనే తేడా బయటపడుతుంది. డక్టల్ క్యాన్సర్‌కు రక్త సరఫరా తక్కువ, చుట్టూ ఉన్న క్లోమం కంటే నల్లగా కనిపిస్తుంది. న్యూరోఎండోక్రైన్ కణితులు చాలావరకు రక్తం పీల్చుకుని తెల్లగా మెరుస్తాయి. కిడ్నీ నుంచి వచ్చిన గడ్డలూ అలాగే మెరుస్తాయి. సూడోపాపిల్లరీ కణితిలో గట్టి భాగాలు, రక్తం నిండిన తిత్తులు కలిసి ఉంటాయి. ఆ దశ లేకుండా తీసిన స్కాన్‌లో ఈ సమాచారమంతా పోతుంది. ఒకవేళ మొదటిసారే ఈ పద్ధతిలో తీసి ఉంటే, ఆ చిత్రాలున్న సీడీ తీసుకెళ్లి చూపించండి. కాగితం మీది రిపోర్టు ఒక్కటే చాలదు.

సీఏ 19-9 ఎక్కువగా వచ్చింది. ఇక క్యాన్సర్ ఖాయమేనా?

కాదు. ఈ రక్త పరీక్ష మామూలు పరిమితి 37 యూనిట్లు. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు ఉంటే, క్యాన్సర్ లేకపోయినా ఇది వందల్లోకి, అంతకు మించి కూడా వెళ్లగలదు. కామెర్లు తగ్గాక మళ్లీ చూస్తేనే ఆ అంకెకు విలువ. మరోవైపు, కొంతమందికి పుట్టుకతోనే ఈ పదార్థం తయారుచేసే శక్తి ఉండదు. వాళ్లకు పెద్ద క్యాన్సర్ ఉన్నా పరీక్ష మామూలుగానే వస్తుంది. అరుదైన కణితుల్లో చాలావాటికి ఇది పెరగనే పెరగదు.

క్రోమోగ్రానిన్-ఏ పరీక్ష సంగతీ ఇక్కడే చెప్పాలి. న్యూరోఎండోక్రైన్ అనుమానంతో దీన్ని రాస్తారు. మన ఇళ్లలో ఎంతోమంది పరగడుపున ఏళ్ల తరబడి గ్యాస్ మాత్ర వేసుకుంటారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి ఆ మాత్రలే క్రోమోగ్రానిన్‌ను పెంచేస్తాయి. కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా అది పెరుగుతుంది. పరీక్షకు ముందు ఆ మాత్ర గురించి చెప్పి, ఎన్నాళ్లు ఆపాలో డాక్టరును అడగండి. మీ అంతట మీరే ఆపేయకండి. కొన్ని జబ్బుల్లో అలా ఆపడం ప్రమాదకరం.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందంటారు. నిజమా?

ఈ భయంతో పరీక్షే వద్దని వెళ్లిపోయేవారున్నారు. ఇప్పుడు చేసే పద్ధతిలో నోటి ద్వారా ఎండోస్కోపు పంపి, దాని చివర ఉన్న అల్ట్రాసౌండ్‌తో గడ్డను చూస్తూ, కడుపు లేదా చిన్నపేగు గోడలోంచి సన్నని సూదితో ముక్క తీస్తారు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అంటారు దీన్ని. సూది వెళ్లిన దారిలో కణాలు నాటుకున్న సంఘటనలు చాలా అరుదు. తల భాగంలో గడ్డ ఉంటే సూది వెళ్లిన ఆ పేగు భాగాన్ని తరువాత ఆపరేషన్‌లో ఎలాగూ తీసేస్తారు. గడ్డ ఏదో తెలియకుండా చికిత్స చేయించుకోవడంలో ఉన్న ప్రమాదం దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది.

ఒక విన్నపం. కణాలను మాత్రమే పీల్చే సూదికీ, సన్నని దారంలాంటి కండ ముక్కను తీసే సూదికీ తేడా ఉంది. అరుదైన రకం అనుమానం ఉంటే రెండోది కావాలి. ఎందుకంటే తరువాత చేసే రంగుల పరీక్షలకు ముక్క సరిపోవాలి.

ముక్క పరీక్ష లేకుండానే ఆపరేషన్ చేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

స్కాన్‌లో డక్టల్ క్యాన్సర్ లక్షణాలు స్పష్టంగా ఉండి, గడ్డను పూర్తిగా తీసేయగల స్థితిలో ఉంటే, ముందు బయాప్సీ చేయకుండా ఆపరేషన్‌కు వెళ్లడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. అందులో తప్పు లేదు. కానీ చిత్రం కొంచెం తేడాగా ఉంటే, అంటే గడ్డ తెల్లగా మెరుస్తున్నా, క్లోమం మొత్తం ఉబ్బి ఉన్నా, రోగి చాలా చిన్న వయసు మనిషైనా, అంత గడ్డ ఉండి కూడా నాళం వెడల్పు కాకపోయినా, ముందు ముక్క తీద్దామా అని అడగడం మీ హక్కు.

కీమోకు మాత్రం మినహాయింపు లేదు. ముక్క పరీక్ష లేకుండా క్లోమ క్యాన్సర్‌కు కీమో మొదలుపెట్టకూడదు.

పాథాలజీ రిపోర్టులో ఏం చూడాలి?

నా పని ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రిపోర్టులో ఉత్త ‘కార్సినోమా’ అని ఉండి ఏ రకమో లేకపోతే, లేదా ‘న్యూరోఎండోక్రైన్ అని అనుమానం’ దగ్గర ఆగిపోతే, పని సగంలోనే ఉందని అర్థం. మిగతా సగం ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. కణంలో ఫలానా ప్రొటీన్ ఉందా లేదా అన్నది రంగుతో చూపించే పరీక్ష ఇది. రిపోర్టులో ఆ ప్రొటీన్ల పేర్లు, పక్కన పాజిటివ్, నెగెటివ్ అని ఉంటాయి.

న్యూరోఎండోక్రైన్ కణితిలో సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ రెండూ సాధారణంగా పాజిటివ్. చిక్కు ఎక్కడంటే, సూడోపాపిల్లరీ కణితిలో కూడా సినాప్టోఫైసిన్ పాజిటివ్ రావచ్చు. ఆ ఒక్క రంగు చూసి ఆగితే, నయమయ్యే గడ్డ ఉన్న ఇరవై అయిదేళ్ల అమ్మాయికి న్యూరోఎండోక్రైన్ అని రాసి ఇవ్వడం జరుగుతుంది. దాన్ని తప్పించేది బీటా-కేటెనిన్. సూడోపాపిల్లరీలో సీటీఎన్ఎన్‌బీ1 అనే జన్యువులో మార్పు వల్ల ఈ ప్రొటీన్ కణం అంచు వదిలి కేంద్రకంలోకి చేరుతుంది. కేంద్రకం గోధుమ రంగుకు మారితే, క్రోమోగ్రానిన్ నెగెటివ్‌గా ఉంటే, సందేహం దాదాపు తీరినట్టే. యువతికి క్లోమంలో గడ్డ వచ్చి రిపోర్టులో బీటా-కేటెనిన్ ప్రస్తావన లేకపోతే, చేశారా అని అడగండి. అడిగినందుకు మంచి పాథాలజిస్టు ఎవరూ నొచ్చుకోరు.

ఎసినార్ రకానికి ట్రిప్సిన్, బీసీఎల్10 అనే రంగులు వాడతాం. కొందరు రోగుల్లో ఈ గడ్డ కొవ్వును అరిగించే లైపేజ్ అనే ఎంజైమును విపరీతంగా రక్తంలోకి వదిలి, కాళ్ల మీద నొప్పితో కూడిన ఎర్రటి బుడిపెలు, కీళ్ల నొప్పులు తెస్తుంది. వాళ్లు ముందు చర్మ వైద్యుడి దగ్గరికో కీళ్ల వైద్యుడి దగ్గరికో వెళ్తారు. ఆ లక్షణాలను క్లోమంతో ముడిపెట్టగలిగితే రోగనిర్ధారణ త్వరగా తేలుతుంది.

కేఐ-67 శాతం అంటే?

గడ్డలోని కణాల్లో ఎన్ని విభజన దశలో ఉన్నాయో చెప్పే అంకె. న్యూరోఎండోక్రైన్ కణితులకు ఇది తప్పనిసరి. 3 శాతం లోపు ఉంటే గ్రేడ్ 1, 3 నుంచి 20 వరకు గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. గ్రేడ్ 3లో మళ్లీ రెండు వేర్వేరు జబ్బులున్నాయి. కణాలు తమ ఆకారం నిలుపుకున్నది ఒకటి, పూర్తిగా చెదిరిపోయిన న్యూరోఎండోక్రైన్ కార్సినోమా మరొకటి. రెండోదానికి ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌కు ఇచ్చే తరహా కీమో ఇస్తారు. మొదటిదానికి దారి వేరు. రిపోర్టులో గ్రేడ్ ఒక్కటే ఉండి ఈ తేడా రాయకపోతే రాయించండి.

పెట్ స్కాన్ ఒకటి చేయించాం. ఇంకో రకం పెట్ ఎందుకు?

మామూలు పెట్‌లో గ్లూకోజ్‌లాంటి పదార్థం వాడతారు. నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ కణితులు గ్లూకోజ్‌ను పెద్దగా లాక్కోవు, కాబట్టి ఆ స్కాన్‌లో కనబడకుండా పోవచ్చు. వాటి మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. గాలియం-68 డోటాటేట్ పెట్ వాటిని పట్టుకుంటుంది. హైదరాబాద్‌లో ఈ స్కాన్ చేసే కేంద్రాలున్నాయి. ఆ గ్రాహకాలకే అంటుకునే రేడియోధార్మిక మందు ఎక్కించే లుటీషియం చికిత్స పనికొస్తుందా లేదా అన్నది తేలేదీ దీనితోనే.

గడ్డ ఉంది కానీ క్యాన్సర్ కాదు అన్న సందర్భాలు నిజంగా ఉంటాయా?

ఉంటాయి. మన దగ్గర తక్కువేమీ కాదు.

మొదటిది క్షయ. క్లోమానికి, దాని పక్క గ్రంథులకు టీబీ సోకితే స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తుంది. బరువు తగ్గడం కూడా రెండింటిలోనూ ఉంటుంది. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్న చరిత్ర లాంటివి ఉంటే చెప్పండి. సూదితో తీసిన ముక్కలో కొంత టీబీ జన్యు పరీక్షకు కూడా పంపితే తేలిపోతుంది. మందులతో నయమయ్యే జబ్బుకు కడుపు కోయించుకోవలసిన అవసరం ఎవరికీ రాకూడదు.

రెండోది ఆటోఇమ్యూన్ ప్యాంక్రియాటైటిస్. శరీర రోగనిరోధక శక్తే క్లోమం మీద దాడి చేసి దాన్ని ఉబ్బేలా చేస్తుంది. ఎక్కువగా వయసు పైబడిన మగవాళ్లలో, కామెర్లతో బయటపడుతుంది. రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ పెరగడం ఒక ఆనవాలు. మామూలు పరిమితికి రెండింతలు దాటితే బలమైన ఆధారం. కొద్దిగా పెరగడం క్యాన్సర్‌లోనూ ఉంటుంది. స్టెరాయిడ్లు ఇస్తే వారాల్లోనే వాపు దిగుతుంది. అయితే క్యాన్సర్ లేదని జాగ్రత్తగా చూసుకున్నాకే ఆ మందులు మొదలుపెట్టాలి.

మూడోది దక్షిణ భారతంలో చిన్న వయసులోనే క్లోమంలో రాళ్లు తెచ్చే దీర్ఘకాలిక వాపు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఈ జబ్బుకు స్పింక్1 అనే జన్యువులోని మార్పులతో సంబంధం ఉందని 2002లో చూపించారు. ఇది గడ్డలా కనిపించి మోసం చేస్తుంది. అదే సమయంలో ఈ రోగులకు నిజమైన క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. కాబట్టి ‘పాత వాపే’ అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఇంకొకటి ఆశ్చర్యం కలిగించేది. పుట్టుకతోనే ప్లీహం ముక్క ఒకటి క్లోమం తోకలో ఇరుక్కుని ఉండవచ్చు. అది డోటాటేట్ పెట్‌లో కూడా వెలుగుతుంది. ఎర్ర రక్తకణాలను వేడితో కాస్త దెబ్బతీసి ఎక్కించి చేసే ప్రత్యేక న్యూక్లియర్ స్కాన్ దాన్ని గుర్తిస్తుంది.

మా అన్నయ్యకు తెల్లవారుజామున మూర్ఛలు వస్తున్నాయి. క్లోమానికీ దానికీ సంబంధం ఉంటుందా?

ఉండవచ్చు. ఇన్సులినోమా అనే చిన్న కణితి అవసరం లేకపోయినా ఇన్సులిన్‌ను వదులుతూ ఉంటుంది. పరగడుపున చక్కెర పడిపోయి చెమటలు, తడబాటు, వింత ప్రవర్తన, మూర్ఛ వస్తాయి, ఏదైనా తీపి తినగానే తగ్గిపోతాయి. ఇలాంటివాళ్లు మూర్ఛ మందులతోనో మానసిక వైద్యంతోనో ఏళ్లు గడిపేయడం వైద్యులందరికీ తెలిసిన విషాదం. గాలి సోకిందని తాయెత్తులు కట్టించేవారూ ఉన్నారు. ఆ లక్షణాలున్న క్షణంలో చక్కెర 55 కంటే తక్కువ ఉందా, అదే రక్తంలో ఇన్సులిన్, దానితో పాటే విడుదలయ్యే సీ-పెప్టైడ్ ఎంత ఉన్నాయి అన్నది చూడాలి. అవసరమైతే ఆసుపత్రిలో 72 గంటల ఉపవాస పరీక్ష చేస్తారు. వీటిలో దాదాపు పదింట తొమ్మిది క్యాన్సర్ కానివే, తీసేస్తే నయమవుతాయి.

రెండో అభిప్రాయం ఎక్కడ, ఎలా తీసుకోవాలి?

రిపోర్టు జిరాక్స్ పట్టుకుని తిరగడం వల్ల ఉపయోగం తక్కువ. మీ ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకు, దాని నుంచి కోసిన గాజు స్లైడ్లు ల్యాబ్‌లో ఉంటాయి. రాతపూర్వకంగా అడిగితే రసీదు తీసుకుని ఇస్తారు. రెండో పాథాలజిస్టు చూడాల్సింది వాటినే. బ్లాకును ఎండలో, వేడి కారులో వదలొద్దు, కరిగి పాడవుతుంది.

నగరంలో పంజాగుట్ట నిమ్స్, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు ప్రభుత్వ రంగంలో ఉన్నాయి. బంజారాహిల్స్ బసవతారకం, గచ్చిబౌలి ఏఐజీ లాంటివి కూడా ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఒక విషయం కనుక్కోండి: సర్జన్, క్యాన్సర్ వైద్యుడు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు కలిసి కూర్చుని కేసు చర్చించే సమావేశం అక్కడ జరుగుతుందా? అరుదైన గడ్డ విషయంలో ఆసుపత్రి పేరు కంటే నేను ఎక్కువ విలువిచ్చేది ఆ సమావేశానికే.

ఖర్చు గురించి కూడా. తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. ఏ పరీక్ష దాని కిందికి వస్తుందో, ఏది రాదో ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఇన్ని పరీక్షలు చేసేలోపు జబ్బు ముదిరిపోదా?

న్యాయమైన భయం. రంగుల పరీక్షలకు, రెండో అభిప్రాయానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎక్కువ సందర్భాల్లో ఆ వ్యవధి వల్ల నష్టం ఉండదు. కామెర్లు ఎక్కువగా ఉంటే ఆ లోపు పిత్తనాళాన్ని తెరిచి ఉంచే గొట్టం, అంటే స్టెంట్ వేయవచ్చు. కానీ స్టెంట్ వేశాక వచ్చే వాపు స్కాన్‌ను గజిబిజి చేస్తుంది, కాబట్టి వీలైతే క్లోమం సీటీ ముందుగానే అయిపోవాలి. చలి జ్వరంతో కామెర్లు ఉంటే మాత్రం అది ఇన్‌ఫెక్షన్, ఏ పరీక్ష కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇది వంశపారంపర్యంగా మా పిల్లలకు వస్తుందా?

సూడోపాపిల్లరీ కణితి సాధారణంగా వంశపారంపర్యం కాదు. న్యూరోఎండోక్రైన్ కణితుల్లో కొన్ని మెన్-1, వీహెచ్ఎల్ అనే జన్యు సమస్యల వల్ల వస్తాయి. కుటుంబంలో ఎవరికైనా మెడలోని పారాథైరాయిడ్ గడ్డలు, మళ్లీ మళ్లీ వచ్చే కిడ్నీ రాళ్లు, పిట్యూటరీ గడ్డలు, కిడ్నీ కణితులు ఉన్నాయేమో గుర్తు చేసుకుని చెప్పండి. డక్టల్ క్యాన్సర్ అని తేలినా ఇప్పుడు బీఆర్‌సీఏ వంటి జన్యువులకు రక్త పరీక్ష చేయించమంటున్నారు, ఎందుకంటే ఫలితాన్ని బట్టి రోగి మందులు మారవచ్చు, అక్కచెల్లెళ్లు, పిల్లలు తీసుకోవాల్సిన జాగ్రత్తలూ మారవచ్చు. జన్యు సలహాదారుతో మాట్లాడాకే ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది.